నిప్పు ముందు, దుంప తరవాత

(అడవి నడకలకు వెళ్ళే యువతీయువకుల కోసం పెట్టిన సభలో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినబడుతోందా? వినబడితే చెయ్యెత్తండి. సరే. ఈ బల్ల మీద పెట్టినవి అక్కణ్ణుంచి కనబడవు. చివర్లో అందరూ ముందుకు రండి, పట్టుకుని చూడండి, వాసన చూడండి. రుచి మాత్రం చూడొద్దు. ఎందుకొద్దో మధ్యలో చెప్తాను.

ఇవాళ రెండు పనుల గురించి మాట్లాడుకుందాం. అగ్గిపెట్టె లేకుండా నిప్పు పుట్టించడం ఒకటి. అడవిలో తినదగ్గది ఏదో, తినకూడనిది ఏదో గుర్తుపట్టడం రెండోది. ఇవి రెండూ వేరువేరు విద్యలని చాలామంది అనుకుంటారు. కాదు. నల్లమలలోగానీ, పాపికొండల్లోగానీ, ఆదిలాబాద్ అడవుల్లోగానీ పచ్చిగా తిని కడుపు నింపుకోగలిగినవి పళ్ళు. అవి ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా రోజుల్లో ఏముంటుంది? దుంప. దుంప ఉడకాలి. వెదురు కొమ్ము, అంటే వెదురు లేత మొలక, ఉడకాలి. అడవి కంద ఉడకాలి. బలుసాకు ఉడకాలి. ఉడకాలంటే నిప్పు కావాలి. అందుకే నిప్పు ముందు, దుంప తరవాత. ఈ వరసలోనే వెళ్దాం.

దానికన్నా ముందు ఒక మాట. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాల్లో, పులుల అడవుల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం ఏరుకునే హక్కు ఇచ్చింది కదా అంటారేమో. ఇచ్చింది. ఎవరికి? తరతరాలుగా అక్కడ బతుకుతున్న ఆదివాసులకీ, అడవినే నమ్ముకున్న ఇతర కుటుంబాలకీ. వారాంతం నడకకు వెళ్ళే మనకి కాదు. మరి మనం ఎక్కడ నేర్చుకోవాలి? మన పొలం గట్టు మీద, మామిడి తోటలో, చెరువు కట్ట కింద, సొంతదారు ఒప్పుకున్న బీడులో. ఇవాళ చెప్పే చెట్లలో చాలావరకు అక్కడా ఉంటాయి.

సరే, నిప్పు.

మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. రవ్వ, కణిక, మంట. రవ్వ అంటే కంటి ముందు మెరిసి మాయమయ్యేది. కణిక అంటే మంట లేకుండా ఎర్రగా రగులుతూ నిలబడేది. మంట అంటే మీకు తెలిసిందే. కొత్తగా ప్రయత్నించేవాళ్ళు చేసే మొదటి తప్పు ఏమిటో తెలుసా? రవ్వ నుంచి నేరుగా మంటలోకి దూకాలని చూస్తారు. కుదరదు. రవ్వని కణిక చెయ్యాలి, కణికని పెంచాలి, పెంచిన కణికని పీచులో పెట్టి ఊదితే అప్పుడు మంట. మధ్య మెట్టు వదిలేస్తే చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ ఉండదు.

మొదట చెకుముకి. అగ్గిపెట్టెలు ఊళ్ళలోకి రాకముందు గొర్రెల కాపరుల దగ్గర, బండివాళ్ళ దగ్గర చెకుముకి సంచి ఉండేది. అందులో మూడే వస్తువులు: రాయి, ఉక్కు ముక్క, నిప్పు పట్టే దూది. ఇదిగో రాయి. గాజులాగా పగిలి, అంచు కత్తిలా ఉండే ఏ గట్టి రాయైనా పనికొస్తుంది. వాగుల్లో దొరికే పలుగురాయి కూడా సరిపోతుంది. అంచు పదునుగా ఉండటమే ముఖ్యం. గుండ్రటి గులకరాయిని అలాగే కొడితే ఏమీ రాదు, దాన్ని పగలగొట్టి అంచు తెచ్చుకోవాలి. పగలగొట్టేటప్పుడు కళ్ళు కాపాడుకోండి.

ఇప్పుడొక ప్రశ్న. రవ్వలు రాయిలోంచి వస్తాయా, ఉక్కులోంచి వస్తాయా? చాలామంది రాయి అంటున్నారు. కాదండీ. ఉక్కులోంచి. రాతి అంచు ఉక్కు మీద సన్నటి పొట్టు గీరేస్తుంది. ఆ పొట్టు గీరుకున్న వేడికి గాలిలో అంటుకుంటుంది. అదే రవ్వ. కాబట్టి ఉక్కు ఎలాంటిదన్నదే అసలు సంగతి. స్టీలు గరిటె పనికిరాదు. మామూలు ఇనుప చువ్వ పనికిరాదు. గట్టి ఉక్కు కావాలి. ఇనుము అరగదీసే ఉక్కు ఆకురాయి అరిగిపోయినది దొరికితే అంతకన్నా మంచిది లేదు. గరుకు అరగదీసి అంచు నున్నగా చేసుకోండి. ఆ అరగదీసేటప్పుడు నీళ్ళలో ముంచుతూ చెయ్యండి. ఎర్రగా కాలితే ఉక్కు గట్టిదనం చచ్చిపోతుంది, ఆ తరవాత రవ్వలు రావు.

మూడోది దూది. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. పచ్చి దూది మీద ఎన్ని రవ్వలు పడినా పట్టుకోదు. దాన్ని ముందుగా మాడ్చాలి. బూరుగు దూది మాడ్చి వాడేవాళ్ళు. మీరు ఇంట్లో చేసుకోవాలంటే పాత నూలు పంచె తీసుకోండి. నూలు మాత్రమే సుమా, పాలిస్టర్ కలిసిందంటే కరిగి ముద్దవుతుంది. అరచేతిలో సగం ఉండే ముక్కలు కత్తిరించి, మూత గట్టిగా పట్టే చిన్న రేకు డబ్బాలో వదులుగా వెయ్యండి. మూతకి మేకుతో ఒక్కటే చిల్లు. దాన్ని బొగ్గుల మీద పెట్టండి. చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ ఆగిపోయేదాకా ఉంచండి, పది నిమిషాలు అటూ ఇటూ. తీసి చిల్లుని పుల్లతో మూసి, డబ్బా పూర్తిగా చల్లారేదాకా తెరవొద్దు. పూర్తిగా అన్నాను. గోరువెచ్చగా ఉందిలే అని తెరిస్తే గాలి తగిలి లోపలున్నదంతా బూడిదైపోతుంది. సరిగ్గా కుదిరిన గుడ్డ నల్లగా, మెత్తగా, లాగితే ఊరికే చిరిగేలా ఉంటుంది. గోధుమ రంగులో ఉంటే ఇంకా మాడలేదని. మళ్ళీ పెట్టండి.

కొట్టే పద్ధతి చూడండి. ఎడమ చేతిలో రాయి, దాని పైన అంచు దగ్గరే మాడిన గుడ్డ, దాన్ని బొటనవేలితో అదిమిపెట్టాలి. కుడిచేత్తో ఉక్కుని పైనుంచి కిందికి, రాతి అంచుని గీరుతూ పోనివ్వాలి. బాదడం కాదు, గీరడం. కొబ్బరికాయ కొట్టినట్టు కొడితే రాయి ముక్కలవుతుంది, వేళ్ళు పచ్చడవుతాయి. గుడ్డ మీద సూది మొనంత ఎర్రచుక్క కనబడితే ఆగిపోండి. అదే కణిక. మెల్లగా ఊదితే చుక్క గుండ్రంగా పాకుతుంది. తీసుకెళ్ళి పీచు గూట్లో పెట్టండి.

ఇక రెండో పద్ధతి, రాపిడి. మన దేశంలో రాపిడి నిప్పు అనగానే అరణి గుర్తొస్తుంది. జమ్మి చెట్టు మీద మొలిచిన రావి కర్రతో అరణి చేస్తారు. కింద ఒక పలక, పైన నిలువు కర్ర, దానికి తాడు చుట్టి అటూ ఇటూ లాగుతారు. చూడ్డానికి మజ్జిగ చిలికినట్టే ఉంటుంది. కవ్వం తిప్పడం తెలిసినవాళ్ళకి దాని నడక వెంటనే అర్థమవుతుంది. కానీ అది కుదరాలంటే కర్ర, పలక, పైన అదిమే చిప్ప, తాడు, నాలుగూ బాగుండాలి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి నా సలహా అది కాదు. వెదురు. మన కొండల్లో వెదురుకి కొదవ లేదు, ఊళ్ళోనూ దొరుకుతుంది. ఒక కత్తి, ఒక బొంగు ఉంటే చాలు, తాడు కూడా అక్కర్లేదు. బొంగుని బొంగుతో రంపంలా కొయ్యడమే.

ఏ వెదురు? లోపల బోలుగా ఉండే బొంగు. గట్టి కర్రలాంటి సన్న వెదురు పనికిరాదు, అది లాఠీలకి. పొదలోనే నిలబడి చచ్చి ఎండినది కావాలి. నేల మీద పడి ఉన్నది ఎంత ఎండినట్టు కనబడినా తేమ పీల్చుకుని ఉంటుంది. వేలితో కొట్టి వినండి. ఖంగుమంటే ఎండినట్టు. బొద్దుగా మోగితే వదిలెయ్యండి. పచ్చదనం పూర్తిగా పోయి గడ్డి రంగులోకి వచ్చి ఉండాలి.

రెండు కణుపుల మధ్య మూరెడు ముక్క తీసుకోండి, మీ మణికట్టు అంత లావుది. నిలువునా రెండుగా చీల్చండి. ఒక చెక్క అంచుని కత్తితో పలచగా గీకండి, అదే రంపం. రెండో చెక్కని బోర్లించి, వీపు మీద మధ్యలో అడ్డంగా ఒక గాడి కొయ్యండి. గాడిని లోతు చేస్తూ పోతే లోపలి వైపు సన్నటి చీలిక తెరుచుకుంటుంది. ఎంత? గోరు దూరేంత పొడుగు, బియ్యపు గింజ మందం. అంతే. ఎక్కువైతే వేడి పొడి నిలవకుండా జారిపోతుంది. అసలు తెరుచుకోకపోతే పొడి కిందికి దిగదు. ఈ చీలిక కుదిరిందా, సగం పని అయిపోయింది.

తరవాత పొట్టు. కత్తిని నిటారుగా పట్టుకుని ఇంకో ఎండు బొంగు పైతోలుని గీకండి. చెక్కొద్దు, గీకండి. దూదిలాంటి సన్న పొట్టు వస్తుంది. గుప్పెడు గీకి, అరచేతుల్లో నలిపి ఉండ చేసి, గాడి ఉన్న చెక్క లోపల, సరిగ్గా ఆ చీలిక కింద పెట్టి, వెదురు పుల్లతో అదిమి పట్టాలి. ఉండ మరీ గట్టిగా ఉంటే గాలి ఆడదు, మరీ వదులుగా ఉంటే పొడి కింద పడిపోతుంది.

ఇప్పుడు రంపం చెక్క ఒక కొస నేల మీద, ఇంకో కొస పొట్టకి ఆనించి, పలచటి అంచు పైకి ఉండేలా బిగించండి. పొట్టకి గుడ్డ మడత అడ్డం పెట్టుకోండి. గాడి చెక్కని రెండు చేతులతో పట్టుకుని ఆ అంచు మీద కిందికీ పైకీ లాగండి. మొదటి యాభై లాగుళ్ళు నెమ్మదిగా, పూర్తి పొడుగు. ఇది కేవలం వేడెక్కించడానికి. పొగ కనబడ్డాక బలం పెంచండి, వేగం పెంచండి. పొగ దట్టంగా వచ్చాక ఇంకో ముప్పై నలభై లాగండి. అందరూ ఇక్కడే ఆపేస్తారు, పొగ రాగానే సంతోషపడి ఆపేస్తారు. పొగ వచ్చిందంటే పని మొదలైందని అర్థం, అయిపోయిందని కాదు. మీరు చేతులు ఆపాక కూడా పొగ తనంతట తాను వస్తుంటే, అప్పుడు కణిక పుట్టినట్టు.

ఏమేం చెడతాయో చెప్తాను. కిర్రుమని కీచుగా చప్పుడు వస్తూ పొగ రాకపోతే అంచు నున్నగా మెరుగెక్కిందన్నమాట. కొంచెం గీకి గరుకు చెయ్యండి. పొడి లేత గోధుమ రంగులో రాలుతుంటే వేగం చాలలేదు. నల్లగా రాలాలి. ఎంత లాగినా వేడే ఎక్కకపోతే బొంగులో తేమ ఉంది, దాంతో కుస్తీ పట్టకండి, బొంగు మార్చండి. నుదుటి చెమట బొట్టు గాడిలో పడితే మళ్ళీ మొదటికొస్తుంది, తలకి తువ్వాలు కట్టుకోండి. ఇద్దరుంటే ఇంకా సుళువు. రంపాన్ని ఒకరు గట్టిగా పట్టుకుంటే రెండోవారు లాగొచ్చు, అలసిపోతే మారొచ్చు.

పీచు గూడు. పిచ్చుక గూడులా ఉండాలి. కొబ్బరి పీచు, తాటి మట్ట పీచు, ఎండు గడ్డి, ఏదైనా సరే అరచేతుల్లో బాగా నలిపి మెత్తన చేసి, మధ్యలో గుంట చేసి, అందులో బూరుగు దూదో జిల్లేడు దూదో కొంచెం పెట్టుకోవచ్చు. కొంచెమే. ఆ దూది భగ్గున మండి క్షణంలో అయిపోతుంది, అదొక్కటే నమ్ముకుంటే పుల్లలు అంటుకోవు. కణికని అందులో పెట్టి, గూటిని ముఖం కన్నా కొంచెం ఎత్తులో పట్టుకుని కిందనుంచి ఊదండి. ఎందుకు ఎత్తులో? పొగ కళ్ళలోకి రాదు, ఊపిరిలోని తడి మీ నోటి దగ్గర కాక దూరంలో పోతుంది. చిన్న ఊపిరి కాదు, పొడుగాటి సన్నటి ఊపిరి. జిల్లేడు కాయ కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చూపుకే ప్రమాదం.

వానాకాలం సంగతి అడుగుతారని తెలుసు. నేల మీది పుల్లలు వదిలెయ్యండి. చెట్టుకే ఉండి ఎండిపోయిన కొమ్మలు విరవండి. టప్పున విరిగితే మంచిది, వంగితే వద్దు. పైన తడిసినా చీలిస్తే లోపల పొడిగా ఉంటుంది. దానికి తోడు గుగ్గిలం. అందుగు చెట్టు గాయాల దగ్గర కారి గట్టిపడిన ముక్కలు వానలో కూడా మండుతాయి. కానీ ప్రతి చెట్టు జిగురూ మండుతుందా? తపసి బంక కూడా చెట్టుదే, తుమ్మ బంక కూడా చెట్టుదే. అవి మండవు, ఉబ్బి మాడిపోతాయి. తేడా ఎలా తెలుస్తుంది? ఒక ముక్క నీళ్ళలో వేసి చూడండి. ఉబ్బి జెల్లీ అయినా, కరిగిపోయినా అది బంక. ముక్క ముక్కగానే ఉండి, నిప్పు తగిలితే కరిగి నల్లపొగతో మండితే అది గుగ్గిలం జాతి. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే వానరోజున గంట కలిసొస్తుంది.

పొయ్యికి మూడు రాళ్ళు చాలు. ఆ రాళ్ళు వాగులోంచి తేవద్దు. నీళ్ళలో నానిన రాయి లోపల తేమ ఆవిరై, రాయి పేలుతుంది, చెక్కలు ఎగురుతాయి. అలాగే కణుపు మూసి ఉన్న బొంగుని మంటలో వెయ్యొద్దు, అదీ బాంబులా పేలుతుంది. చీల్చి వెయ్యండి. ముందు అగ్గిపుల్ల మందం పుల్లలు, అవి పట్టాక పెన్సిల్ మందం, తరవాత బొటనవేలు మందం. మొదటి రకం మీరనుకున్నదానికి రెండింతలు ముందే పోగుచేసుకోండి. మంట పుట్టాక పుల్లల కోసం పరిగెత్తితే తిరిగొచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. కట్టెల్లో తుమ్మ, చండ్ర, చింత నిప్పు నిలబెడతాయి. తునికి కట్టె చిటపటలాడి రవ్వలు ఎగజిమ్ముతుంది, ఎండుగడ్డి దగ్గర వద్దు. నల్లజీడి కట్టె ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, దాని పొగకి కూడా ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది. గన్నేరు కట్టె కాల్చొద్దు, గన్నేరు పుల్లకి గుచ్చి ఏదీ కాల్చుకు తినొద్దు. విషం.

ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా బయట నిప్పు మాటే వద్దు. నేలంతా ఎండాకులే కదా. ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాలుస్తారు, బీడీ ఆకు లేత చిగురు రావాలని పొదలు కాలుస్తారు, ఆ నిప్పు చేయిదాటి కొండ ఎక్కేస్తుంది. మొలకలన్నీ అక్కడే పోతాయి. మిగతా కాలంలో కూడా పొయ్యి చుట్టూ మూడు బారలు ఆకులు ఊడ్చి మట్టి కనబడేలా చెయ్యండి. ఆర్పేటప్పుడు మట్టి కప్పి వెళ్ళిపోవద్దు. మట్టి కింద నిప్పు చావదు, వేళ్ళు పట్టుకుని పాకుతుంది. నీళ్ళు పొయ్యండి, కర్రతో కలపండి, మళ్ళీ పొయ్యండి. చెయ్యి వెనక భాగం బూడిద మీద పెట్టగలిగితేనే లేచి నడవండి.

ఇక తిండి.

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అంటారు మనవాళ్ళు. మీలో బలుసు చెట్టు చూసినవాళ్ళెంతమంది? చేతులెత్తండి. చూశారా, నలుగురైదుగురు. సామెత అందరికీ తెలుసు, చెట్టు తెలియదు. చిన్న ముళ్ళ పొద. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ముళ్ళు కూడా నిటారుగా ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. పండు పండితే పసుపు రంగు, తియ్యగా ఉంటుంది. లేత ఆకు ఉడకబెట్టి పప్పులో వేసుకోవచ్చు. మెట్ట భూముల్లో, గుట్టల మీద, కంచెల్లో కనబడుతుంది. రోజుకొక చెట్టు నేర్చుకోవాలంటే దీంతో మొదలెట్టండి.

ఆకుకూరల్లో గునుగు, తగిరిస తొలకరి తరవాత దండిగా వస్తాయి. బతుకమ్మలో పేర్చే గునుగే, దాని లేత ఆకు కూర. తగిరిస పూత రాకముందే తెంపాలి, తరవాత ముదిరి చేదెక్కుతుంది. వీటి గురించి ఎక్కువ చెప్పను, ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే పొలంలోనే చూపిస్తారు.

నేను నిలబడి చెప్పాల్సింది దుంప గురించి. 1940లో క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నల్లమల చెంచుల మధ్య ఉండి రాసిన దాంట్లో వాళ్ళ ముఖ్యమైన పనిముట్టు ఇనప మొన ఉన్న తవ్వుకర్ర. వాళ్ళ తిండిలో పెద్ద భాగం అడవి దుంపలు. తవ్వుకర్ర ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఎప్పుడు తవ్వాలో తెలియాలి. తీగ పచ్చగా ఉన్నప్పుడు దుంపలో పిండి ఉండదు, నీళ్ళగా ఉంటుంది. వానలు వెళ్ళి ఆకు పసుపెక్కి రాలిపోయాక దుంప నిండుతుంది. కానీ ఆకు రాలిపోయాక ఏ తీగో ఎలా గుర్తుపడతారు? అదే చిక్కు. అందుకని వానాకాలంలో ఆకు, పువ్వు చూసి గుర్తుపెట్టుకుని, చలికాలంలో వెళ్ళి తవ్వాలి. ఒకే మొక్కని రెండు కాలాల్లో చూడకుండా దుంప తినకండి. ఇది నా నియమం, మీరూ పెట్టుకోండి. తవ్వినప్పుడు తీగ మొదలు, దానికి అంటుకున్న పై ముక్క గుంటలోనే వదిలి మట్టి కప్పండి. మళ్ళీ వాన పడితే లేస్తుంది.

ఇదిగో, ఈ దుంప చూడండి. ఎర్రదారం కట్టినది అడవినాభి. దుంప నాగలిలా వంగి ఉంటుంది, లేత రంగు, నున్నటి తోలు. ఎంత ముచ్చటగా ఉంది! చిలగడదుంప అనుకుంటారు, అడవి దుంప అనుకుంటారు. తింటే ప్రాణం పోతుంది. దీంట్లో ఉన్న కొల్చిసిన్ అనే విషం ఉడకబెట్టినా పోదు. తిన్నవెంటనే ఏమీ అనిపించదు, కొన్ని గంటల తరవాత వాంతులు, విరేచనాలు. తరవాత ఒంట్లో ఒక్కో అవయవం దెబ్బతింటుంది. వానాకాలంలో గుర్తుపట్టడం చాలా తేలిక. ఆకు కొస సన్నగా మెలిక తిరిగి పక్క కొమ్మని పట్టుకుంటుంది. పువ్వు మంటలా, పసుపు నుంచి ఎరుపులోకి మారుతూ రేకులు పైకి తిరిగి ఉంటాయి. దాన్ని అగ్నిశిఖ అనేది అందుకే. కానీ చలికాలంలో? ఆకూ లేదు, పువ్వూ లేదు. దుంప ఒక్కటే చేతిలో ఉంటుంది.

రుచి చూడొద్దన్నది ఇందుకు. "కొంచెం నాలుక మీద పెట్టి చూద్దాం, ఏమీ కాకపోతే తిందాం" అంటారు. ఆ పరీక్ష నాభి దగ్గర పనిచెయ్యదు. మీకు ఏమీ కాలేదని తేల్చుకునేసరికి తినేసి ఉంటారు. "పక్షులు తింటున్నాయి కదా" అంటారు. ముష్టి పండు గుజ్జు పక్షులూ కోతులూ తింటాయి, దాని గింజలో ఉన్న స్ట్రిక్నిన్ మనిషిని చంపుతుంది. పక్షిని చూసి తినకండి, కోతిని చూసి తినకండి. ఏదైనా తిని తేడాగా అనిపిస్తే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. తిన్న మొక్క ఆకు, దుంప ముక్క వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకి అదే ఆధారం.

మూడాకుల ముళ్ళ తీగ దుంప ఇంకోటి ఉంది, పెద్దది, నేల పైకే తేలి ఉంటుంది. ఆదివాసులు దాన్ని పలచగా తరిగి, పారే వాగులో రోజుల తరబడి నానబెట్టి విషం తీసి తింటారు. ఎన్ని రోజులు, ఎంత పలచన, ఎంత పారుదల అన్నది చేతిమీద నేర్చుకునే విద్య. ప్రసంగం విని చెయ్యకండి.

మామూలు మనిషి చెయ్యగలిగింది వెదురు కొమ్ము. తొలకరి తరవాత పొదలో మొలుస్తాయి. అల్లూరి జిల్లా సంతల్లో తొక్క తీసి కుప్పలు పోసి అమ్ముతారు. పచ్చిగా తినకూడదు, అందులో సైనైడు పుట్టించే పదార్థం ఉంది. సన్నగా తరగండి, ఎంత సన్నగా తరిగితే అంత తొందరగా పోతుంది. మూత పెట్టకుండా అరగంట ఉడకబెట్టి నీళ్ళు పారబొయ్యండి. చేదు తగిలితే మళ్ళీ నీళ్ళు మార్చి ఉడకబెట్టండి. మూత ఎందుకొద్దు? ఆ విషం ఆవిరిలో పోవాలి. మూత పెడితే తిరిగి గిన్నెలోకే దిగుతుంది. అడవి కంద దురద వేరే రకం. సూదుల్లాంటి స్ఫటికాలు గొంతులో గుచ్చుకుంటాయి. కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, చింతపండు పులుసులో బాగా ఉడికించండి.

ముష్టి అన్నాను కదా, దాని చుట్టం ఒకటుంది, చిల్ల చెట్టు. ఆకులు రెండింటికీ ఒకేలా ఉంటాయి, మొదలు నుంచి మూడు ఐదు ఈనెలు పొడుగునా సాగుతాయి. కాయ చూడండి. ముష్టి పండు నారింజ పండులా పెద్దది, నారింజ రంగు, గింజలు బొత్తాల్లా చదునుగా పట్టులాంటి నూగుతో ఉంటాయి. చిల్ల పండు రేగుపండంత, పండితే నల్లన, లోపల గుండ్రటి గింజ. ఒకటి ప్రాణం తీస్తుంది, ఇంకోటి బురదనీళ్ళు తేరుస్తుంది. చిల్లగింజని గరుకు రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి బిందెలో కలిపి కదపకుండా ఉంచితే, బురద అడుగుకి చేరుతుంది. నీళ్ళు తేటపడతాయి, అంతే. సూక్ష్మక్రిములు చావవు. తేరిన నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి బాగా మరగబెట్టాలి. చూడండి, మళ్ళీ నిప్పు దగ్గరికే వచ్చాం.

పళ్ళ గురించి తొందరగా చెప్పేస్తాను. వేసవిలో తునికి, సారపండ్లు, చలికాలంలో రేగు, పరికి. తునికి పండు పూర్తిగా పండకపోతే నోరు పిడచకట్టుకుపోతుంది. నల్లజీడి పండులో నారింజ రంగు గుజ్జు ఎండబెట్టో కాల్చో తింటారు. దాని కొసన ఉన్న నల్ల గింజ నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. చాకళ్ళు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టింది ఆ నూనెతోనే. తెలిసినవాళ్ళు గింజ వేరు చేసి ఇస్తే తినండి, మీరు వలవకండి. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున రాలుతుంది. ఎలుగుబంటికి కూడా అది ఇష్టమైన తిండి, అదే వేళకి వస్తుంది. చీకట్లో ఇప్ప చెట్టు కిందికి ఒంటరిగా వెళ్ళొద్దు. పుట్టగొడుగుల గురించి అడిగారు. వండేటప్పుడు వేసిన వెండి నాణెం నల్లబడకపోతే మంచిదే అన్న మాట నమ్మకండి, అది తప్పు. వాటిని నేను ప్రసంగంలో నేర్పను.

ఇక ముందుకు రండి. బొంగు చెక్కలు ఆరు జతలున్నాయి, జతకి ఇద్దరు కూర్చోండి. గాడి మాత్రం కొయ్యలేదు, మీరే కొయ్యాలి. ఎర్రదారం కట్టినవి ముట్టుకున్నవాళ్ళు అక్కడున్న బకెట్టు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తరవాతే టీ తాగండి.